నల్లచుక్క ఏమిటో వేసినవాడినే అడగండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో పిల్లల బొమ్మల మీద వచ్చిన పేజీ చదివాను. ఆర్ట్ థెరపీ గురించి, అంటే బొమ్మలు వేయించి మనసు బాధకు చేసే చికిత్స గురించి, తెలుగులో రాసేవాళ్లే తక్కువ. అందుకని పేజీ తిప్పగానే సంతోషం వేసింది. కానీ అడుగున ఒక పట్టిక వేశారు. పిల్లవాడు నలుపు ఎక్కువ వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం, మనిషికి చేతులు వేయకపోతే భయం, బొమ్మను కాగితం మూలన వేస్తే ధైర్యం లేదు అని. అది చూసి ఎంతమంది తల్లులు ఆ పూట పిల్లల డ్రాయింగు పుస్తకాలు తీసి నలుపు కోసం వెతికారోనని నాకు టెన్షన్ పట్టుకుంది. బొమ్మకు ఇలాంటి అర్థం తీయడం వల్ల మా ఇంట్లో ఒకసారి ఏం జరిగిందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డ్రాయింగు మాస్టారిని. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టి.టి.సి. చేసి 1985లో ఉద్యోగంలో చేరాను. పాలకొల్లు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పనిచేసి 2016లో రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు, మనవడు లాస్ ఏంజెలెస్ పక్కన టోరెన్స్‌లో ఉంటారు.

మా ఆవిడ 2021 మే నెలలో కోవిడ్‌తో పోయింది. అమ్మాయి పాస్‌పోర్టులో వీసా గడువు అప్పటికే అయిపోయింది. ఇక్కడి అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా అపాయింట్‌మెంట్లు ఆపేశాయి. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లగలదో తెలియని పరిస్థితి. అక్కడ ఆరేళ్ల పిల్లవాడు. రాలేకపోయింది. తల్లిని ఫోన్‌లోనే చూసి సాగనంపింది. పిల్లవాడికి 'అమ్మమ్మ దేవుడి దగ్గరికి వెళ్లింది' అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. మేమెవరమూ వాడి ముందు ఆవిడ పేరు ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తాడని అనుకున్నాం. నిజానికి మేం ఏడుస్తామని మా భయం.

నేను 2023 ఫిబ్రవరిలో ఆరు నెలలు ఉండటానికి వాళ్ల దగ్గరికి వెళ్లాను. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మార్చిలో స్కూల్లో టీచరు 'నీ బొమ్మ నువ్వే వేసుకో' అన్నదట. వాడు తన ముఖం వేసుకుని ఎడమ బుగ్గ మీద గుండ్రంగా ఒక నల్లమచ్చ పెట్టాడు. పాదానికి ఇంకొకటి. ఇదేమిటని అడిగితే జవాబు చెప్పలేదు. తర్వాతి వారం వేసిన బొమ్మలోనూ అవే మచ్చలు. స్కూలువాళ్లు అమ్మాయిని పిలిపించి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని మెత్తగానే అడిగారు. కాలిఫోర్నియాలో అనుమానం వస్తే టీచర్లు పైవాళ్లకు చెప్పితీరాలని చట్టం ఉంది. ఆ టీచరు తన పని తాను చేసింది, ఆవిణ్ణి నేను తప్పు పట్టను. కానీ మా అమ్మాయి స్కూలు పార్కింగులో కార్లో గంటసేపు కూర్చుండిపోయింది. అది దిష్టిచుక్క అని బొమ్మ చూడగానే దానికి తెలిసింది. దిష్టి అన్న మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. 'ఈవిల్ ఐ' అని చెప్పిందట. వాళ్ల ముఖాలు చూస్తే తాను ఏ క్షుద్రపూజ గురించో చెప్పినట్టుందని భయపడింది.

2019 డిసెంబరులో వాళ్లు పాలకొల్లు వచ్చినప్పుడు వాడికి నాలుగేళ్లు. రోజూ సాయంత్రం గుడికి తీసుకువెళ్లేముందు మా ఆవిడ వాడి బుగ్గన, అరికాలిలో కాటుకచుక్క పెట్టేది. తర్వాత ప్రతి ఆదివారం పొద్దున వీడియో కాల్ మాట్లాడి, పెట్టేసేముందు ఫోన్ చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచేది.

స్కూల్లో కౌన్సెలరు సలహా మీద మేం నలుగురం కుటుంబాలకు ఆర్ట్ థెరపీ చేసే ఒకావిడ దగ్గరికి వెళ్లాం. ఆవిడ తాతలు మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. వెళ్లిన మొదటిరోజు స్కూలువాళ్లు ఇచ్చిన బొమ్మను బల్ల మీద మనవడి ముందు పెట్టింది. మా వైపు చూడలేదు. 'ఈ అబ్బాయి గురించి నాకు చెప్తావా' అని వాడినే అడిగింది. వాడు చాలాసేపు కాళ్లు ఊపుతూ కూర్చుని చివరికి చెప్పాడు. 'నాకేం కాకుండా అమ్మమ్మ పెట్టేది. ఇప్పుడు ఎవరూ పెట్టట్లేదు. అందుకని నేనే పెట్టుకున్నా.'

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆవిడ కాసేపు ఆగి, తమ ఊళ్లో పసిపిల్లల చేతికి జింక కన్ను అనే గింజను ఎర్రదారంతో కడతారని, దిష్టి తగలకుండా తన అమ్మమ్మ తనకూ కట్టిందని వాడికి చెప్పింది. మా అమ్మాయి అక్కడ మొదటిసారి నిమ్మళంగా ఊపిరి తీసుకోవడం నేను చూశాను.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఆ రోజు వచ్చేస్తూ అడిగాను. 'మా గురువులకు గురువు' అంటూ ఆవిడ ఒక పేరు చెప్పింది. హెలెన్ లాండ్‌గార్టెన్. ఇంటికొచ్చి మనవడి లైబ్రరీ కార్డు మీద ఆవిడ పుస్తకాలు తెప్పించుకున్నాను. నాకు కొరుకుడుపడని చోట రాత్రిళ్లు అమ్మాయి చదివి చెప్పేది. 31 ఏళ్లు పిల్లలచేత బొమ్మలు వేయించినవాణ్ణి, ఈ పేరు అప్పటిదాకా వినలేదు. మీ పాఠకుల్లోనూ చాలామంది విని ఉండరు. అందుకని ఆవిడ గురించి కొంచెం రాస్తాను.

లాండ్‌గార్టెన్ 1921లో డెట్రాయిట్‌లో పుట్టారు. జీవితంలో పనంతా లాస్ ఏంజెలెస్‌లోనే. సీడార్స్-సైనాయ్ ఆస్పత్రికి అనుబంధంగా థాలియన్స్ అనే మానసిక వైద్య కేంద్రం ఉండేది. హాలీవుడ్ నటీనటులు 1955లో సంఘంగా ఏర్పడి చందాలు పోగుచేసి నిలబెట్టిన కేంద్రం అది. అక్కడ ఆవిడ ఏళ్ల తరబడి పిల్లలతో, పెద్దలతో, కుటుంబాలతో పనిచేశారు. 1974లో ఇమాక్యులేట్ హార్ట్ కాలేజీలో క్లినికల్ ఆర్ట్ థెరపీ కోర్సు మొదలుపెట్టారు. 1980లో ఆ కోర్సు లయోలా మేరీమౌంట్ విశ్వవిద్యాలయానికి మారింది. టోరెన్స్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు వెళితే గుట్ట మీద కనిపించే యూనివర్సిటీ అది. అక్కడ ప్రొఫెసరుగా ఆవిడ పట్టుబట్టిన విషయం ఒకటుంది. తన విద్యార్థులు బొమ్మల పని ఒక్కటే నేర్చుకుంటే చాలదు, వివాహ, కుటుంబ సమస్యల చికిత్స కూడా పూర్తిగా చదవాలి, దాని లైసెన్సుకు అర్హులై బయటికి వెళ్లాలి. ఇప్పటికీ ఆ విభాగం ఆ రెండింటినీ కలిపే నేర్పుతోంది. 2011లో ఆవిడ కన్నుమూశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2007లో, విశ్వవిద్యాలయం ఆవిడ పేరుతోనే ఆర్ట్ థెరపీ క్లినిక్ తెరిచింది. ఆవిడ తర్వాత వచ్చిన ప్రొఫెసర్లు విద్యార్థులను వేసవిలో మెక్సికోలోని సాన్ మిగెల్ దె అయెండె ఊరికి పంపి అక్కడివాళ్ల మధ్య ఉండి నేర్చుకునే ఏర్పాటు కూడా చేశారు. లాస్ ఏంజెలెస్‌లో ఎన్నో పైకప్పుల కింద స్పానిష్ వినిపిస్తుంది. ఆ ఇళ్ల సంగతి తెలియకుండా ఆ ఊళ్లో ఎవరికి ఏ థెరపీ చేస్తారు?

కుటుంబమంతటినీ కూర్చోబెట్టి బొమ్మలు వేయించిన మొదటి మనిషి లాండ్‌గార్టెన్ కాదు. పోలండ్‌లో పుట్టిన హన్నా క్వియట్కోవ్‌స్కా అనే శిల్పి 1958 నుంచి వాషింగ్టన్ పక్కన బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆ పని చేశారు. తల్లి, తండ్రి, పిల్లలు ఒకే గదిలో తమ కుటుంబాన్ని ఎవరికి వారు వేసి, తర్వాత అందరూ కలిసి గీతలు గీసేవారు. లాండ్‌గార్టెన్ ఆ దారినే చాలా సులువు చేశారని నాకు అనిపించింది. ఆవిడ పద్ధతికి ఒక కాగితం, మనిషికో రంగు మార్కరు చాలు. ముందు కుటుంబాన్ని రెండు జట్లు చేస్తారు. ఒక్కో జట్టూ ఒకే కాగితం మీద మాట్లాడకుండా, సైగలు చేయకుండా బొమ్మ వేయాలి. తర్వాత అందరూ ఒకే కాగితం మీద, అదీ మాట్లాడకుండానే. ఆ తర్వాత మాట్లాడుకుంటూ ఇంకొకటి. ఎవరి రంగు వాళ్లదే, చివరిదాకా మార్చుకోకూడదు. ఎవరు ముందు మొదలుపెట్టారు, ఎవరి బొమ్మ మీద ఎవరు గీశారు, ఎవరు మూలకు జరిగారు, ఎవరు తొందరగా చేతులెత్తేశారు అన్నది ఆ తర్వాత రంగులే చెబుతాయి.

ఏప్రిల్‌లో మేం నలుగురం అలా కూర్చున్నాం. నేను ఆకుపచ్చ తీసుకున్నాను. అమ్మాయి ఊదా, అల్లుడు నీలం, మనవడు నారింజ. మా థెరపిస్టు మొదలుపెట్టమనగానే నా చెయ్యి ఆగలేదు. నరసాపురం కాలువ, గట్టున కొబ్బరిచెట్లు, వెనక క్షీరారామం గోపురం. అయిదు నిమిషాల్లో కాగితం సగానికి పైగా నిండింది. అల్లుడు ఒక సూర్యుణ్ణి వేసి మార్కరు కింద పెట్టేశాడు. అమ్మాయి మా అందరి బొమ్మల మధ్య మిగిలిన ఖాళీల్లో దారులు వేసి ఒకదానికొకటి కలుపుతూ ఉంది. మనవడు పై మూలన చిన్న విమానం వేశాడు. దాని రెక్క వంకరగా ఉంది. నేను చెయ్యి చాపి నా ఆకుపచ్చతో ఆ రెక్క సరిచేశాను.

అయిపోయాక ఆవిడ అందరినీ నిలబడి కాగితం చూడమంది. ఒక్కో రంగు ఎక్కడెక్కడ ఉందో చెప్పమంది. ఆకుపచ్చ వంతు వచ్చినప్పుడు మనవడు కాలువ చూపించలేదు, గోపురం చూపించలేదు. విమానం రెక్క మీద వేలు పెట్టాడు. 'తాతయ్య ఇక్కడ కూడా వచ్చేశాడు' అన్నాడు.

వాడి గొంతులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. నాకు మాత్రం నా క్లాసులన్నీ కళ్లముందు తిరిగాయి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు, ముందు కాలువ. బోర్డు మీద నేను వేస్తే అరవైమంది దించేవారు. ఎవడి ఇంటి కప్పు వంకరగా ఉన్నా నేనే వెళ్లి దిద్దేవాణ్ణి. ఆ కప్పు అలా ఎందుకు వేశావురా అని ఒక్కణ్ణీ అడిగిన గుర్తు లేదు. గాలివాన వచ్చి ఇళ్ల కప్పులు ఎగిరిపోయిన ఏడాది కూడా అడగలేదు.

మా థెరపిస్టు వాడిన రెండో పద్ధతి లాండ్‌గార్టెన్ 1993లో ప్రత్యేకంగా పుస్తకం రాసిన పద్ధతి. ఇది మన పాఠకులు తెలుసుకోవాలని నా కోరిక. బొమ్మ వేయమంటే 'నాకు రాదు' అని చేతులు ముడుచుకునేవాళ్లు చాలామంది. మా అల్లుడు అలాంటివాడే. అందుకని లాండ్‌గార్టెన్ పత్రికల నుంచి కత్తిరించిన ఫొటోలు వాడారు. రెండు పెట్టెలు. ఒకదాని నిండా మనుషులు, రెండోదాని నిండా వస్తువులు. మనుషుల పెట్టెలో అన్ని జాతులవాళ్లు, అన్ని వయసులవాళ్లు ఉండాలి. నవ్వు, చిరాకు, అలసట, దిగులు అన్నీ కనిపించే ముఖాలు ఉండాలి. అందంగా తయారైన మోడళ్లే ఉంటే పనికిరాదు. అంతకు ముందు మానసిక పరీక్షల్లో మనిషికి చూపించి కథ చెప్పమనే బొమ్మలు ఉండేవి. 1930లలో హార్వర్డ్‌లో తయారైన ఆ బొమ్మల్లో దాదాపు అందరూ తెల్లవాళ్లే. చైనా నుంచి వచ్చిన తాత, మెక్సికో నుంచి వచ్చిన కూలీ, నల్లజాతి తల్లి ఆ ముఖాల్లో తమవాళ్లను ఎలా వెతుక్కుంటారు? అందుకే వచ్చినవాడి పోలికలు పెట్టెలో ఉండాలని లాండ్‌గార్టెన్ పట్టుబట్టారు. పెట్టె సర్దడం థెరపిస్టు బాధ్యత అన్నారు.

ఆ పెట్టెలతో నాలుగు పనులు చెబుతారు. మొదట వస్తువుల్లో కంటికి నచ్చినవి ఏరి అతికించి, చూస్తే ఏం తోస్తే అది చెప్పాలి. రెండోసారి మనుషుల్ని ఏరి, ఒక్కొక్కరూ మనసులో ఏమనుకుంటున్నారో, పైకి ఏమంటున్నారో రాయాలి. ఈ రెండూ విడివిడిగా అడగడం ఎంత తెలివైన పనో ఆలోచించండి. మన ఇళ్లలో ఆ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉంటుందో అందరికీ తెలుసు. మూడోది, మంచికి కొన్ని, చెడుకు కొన్ని ఫొటోలు ఎంచుకోవడం. నాలుగోది, ఒక్క మనిషిని ఎంచుకుని అతనికి ఏం జరుగుతోందో చెప్పడం. ఆ పరిస్థితి మారుతుందా, మారితే దేనివల్ల మారుతుంది అని కూడా అడుగుతారు.

మా థెరపిస్టు పెట్టెలో ఇండియావాళ్లు కొద్దిమందే ఉన్నారు. నగలు పెట్టుకున్న పెళ్లికూతురు, తలపాగా కట్టిన సర్దార్జీ, యోగాసనం వేసిన అమ్మాయి. నేను తిప్పి తిప్పి చూస్తుంటే ఆవిడే గమనించి, 'మీవాళ్ల ఫొటోలున్న పత్రికలు ఇంట్లో ఉంటే తెస్తారా' అంది. తెలుగు పత్రిక టోరెన్స్‌లో ఎక్కడ దొరుకుతుంది? కానీ దొరికింది. నేను వెళ్లేటప్పుడు ఆవకాయ, గోంగూర సీసాలు పగలకుండా మీ పత్రికలోనే చుట్టి తీసుకువెళ్లాను. గరాజులో అట్టపెట్టె అడుగున ఇంకా పదహారు కాగితాలు ఉన్నాయి. నూనె మరకలు లేని ఫొటోలు అమ్మాయీ నేనూ కూర్చుని కత్తిరించాం. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, బస్టాండులో మూట మీద నిద్రపోతున్న పిల్ల, సైకిలు నెట్టుకుపోతున్న పాలాయన, పరీక్ష హాలు బయట తండ్రులు, ఏదో ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలాయన. అన్నీ మీ విలేకరులు జిల్లా పేజీలకు తీసిన మామూలు ఫొటోలు.

మే నెలలో నాలుగో పని దగ్గర మనవడు ఆ ముసలాయన్ని ఎంచుకున్నాడు. ఏం జరుగుతోందని ఆవిడ అడిగింది.

'వాళ్లావిడ కోసం చూస్తున్నాడు. ఆవిడ రాదని ఈయనకు ఎవరూ చెప్పలేదు.'

మారుతుందా అని అడిగింది.

'చెప్తే మారుతుంది' అన్నాడు.

ఆ రాత్రి అమ్మాయి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని జరిగినదంతా చెప్పింది. ఆక్సిజన్ బెడ్డు కోసం నేను భీమవరం తిరగడం, తను టికెట్టు కొనలేకపోవడం, ఫోన్‌లో చూడటం. పిల్లవాడు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. కొన్ని సంగతులు నాకూ అప్పుడే తెలిశాయి.

జూన్‌లో మాట్లాడుకుంటూ వేసే బొమ్మ వేశాం. ఏం వేద్దామని అల్లుడు అడిగితే, అమ్మమ్మను వేద్దామని మనవడు అన్నాడు. 'తాతయ్యా, చీర నువ్వు వేయి, ముఖం నేను వేస్తా' అన్నాడు. నేను జరీ అంచు వేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముఖం పూర్తిచేసి వాడు అమ్మమ్మ బుగ్గన నల్లచుక్క పెట్టాడు.

దాంతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం తగ్గడానికి వాడికి ఆగస్టు దాకా పట్టింది. నేను తిరిగొచ్చాక కూడా వాళ్లు కొన్నాళ్లు అక్కడికి వెళ్లారు.

ఇప్పుడు మీ పట్టిక సంగతికి వస్తాను. నలుపు అంటే దిగులు అన్నారు. మన ఆడపిల్ల మెడలో నల్లపూసలు, కంటికి కాటుక, పసిబిడ్డ బుగ్గన చుక్క నలుపే. ఇవన్నీ బిడ్డ చల్లగా ఉండాలని పెట్టినవి. తెల్లచీర భర్త పోయిన ఆడదానికి కట్టించిన రోజులు నేను చూశాను. మన పెళ్లిపీటల మీద కట్టే మధుపర్కాలూ తెలుపే. చర్చిలో పెళ్లికూతురి గౌనూ తెలుపే. మా మండలంలోనే ఒక వీధికీ ఇంకో వీధికీ రంగు అర్థం మారుతుంది. ఎక్కడో తయారైన పట్టిక మన పిల్లవాడి రంగుల పెట్టె మీద ఎలా అతుకుతుంది? మా మనవడి బొమ్మను అర్థం చేసుకోవడానికి పట్టిక చూసి ఉంటే అది కొట్టిన దెబ్బ అయ్యేది. వాడినే అడిగితే ముద్దు అయింది. లాండ్‌గార్టెన్ పుస్తకాల్లో నాకు ఎక్కువ నచ్చినది ఇదే. ఫొటో ఎంచుకున్నవాడు ఏం చెబితే అదే ఆ ఫొటో అర్థం. చూసేవాడి అర్థం తర్వాత.

మీకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. ఆ పట్టికను నమ్మవద్దని వచ్చే ఆదివారం అదే పేజీలో రెండు ముక్కలు వేయండి. పిల్లల బొమ్మ చూసి భయం వేస్తే, 'దీని గురించి చెప్తావా' అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగమని తల్లిదండ్రులకు రాయండి. వాడు చెప్పింది విని ఇంకా భయంగా ఉంటే చదువుకున్న సైకాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లమనండి.

ఇంకొకటి. మీ పేజీలో రెండు రోజుల శిబిరంలో ఆర్ట్ థెరపిస్టు అయిపోవచ్చన్నట్టు ప్రకటన ఉంది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. ఆర్ట్, డాన్స్ థెరపిస్టుల మాట కూడా దాని షెడ్యూలులో ఉంది. అంటే ఇది ఆరోగ్య వృత్తి అని మన దేశమూ ఒప్పుకుంది. బొమ్మ వేయడం వచ్చినంత మాత్రాన ఎదుటివాడి దుఃఖంతో పనిచేయడం రాదు. నాకు చెయ్యి తిరిగింది కాబట్టే ఆ విమానం రెక్క దిద్దాను. ఈ చదువు ఎక్కడ సక్రమంగా నేర్పుతారో, ఎంతకాలం పడుతుందో మీ విలేకరులు వెతికి రాస్తే నాలాంటి డ్రాయింగు మాస్టార్ల పిల్లలు కొందరైనా అటు వెళతారు.

నేను థెరపీ చేయను, చేయకూడదు. పెట్టెలు మాత్రం సర్దుతున్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం మీ పత్రిక, ఇంకా దొరికినవి ముందు వేసుకుని మనుషుల్ని కత్తిరిస్తాను. ఇప్పటికి మూడు పెట్టెలయ్యాయి. ఒకటి టోరెన్స్ వెళ్లింది. అక్కడ ఇంకో తెలుగు కుటుంబానికి పనికొచ్చిందని ఆవిడ రాసింది. ఒకటి భీమవరంలో పిల్లల కౌన్సెలరు ఒకరు అడిగి తీసుకున్నారు. మూడోది సగం నిండింది. మీ పాలకొల్లు ఏజెంటు దగ్గర మిగిలిపోయే ఆదివారం అనుబంధాలు నాకు ఇప్పించగలిగితే తొందరగా నిండుతుంది. మీ ఫొటోగ్రాఫర్లకు ఒక మాట చెప్పండి. సినిమావాళ్లు, నాయకులు నా దగ్గర చాలామంది ఉన్నారు. వంట చేస్తూ విసుక్కుంటున్న మగవాళ్లు, చదువుకుంటున్న ముసలివాళ్లు, కోపంగా ఉన్న ఆడపిల్లలు, చక్రాల కుర్చీలో నవ్వుతున్నవాళ్లు అసలు దొరకడం లేదు.

మొన్న ఆదివారం వీడియోలో మనవడు కూడా ఒకటి అడిగాడు. ముక్కుకు రెండు వైపులా పుడకలు పెట్టుకుని, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకున్న ఒకావిడ ఫొటో కావాలట. ఎన్నో కాగితాలు తిరగేశాను. ఇంకా దొరకలేదు. మీ పాత ఫొటోల్లో ఎక్కడైనా ఉంటే దయచేసి పంపగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు,
పాలకొల్లు, పశ్చిమగోదావరి జిల్లా